మోచేతి ఎత్తు ట్రక్కు

మా అమ్మమ్మ ఓలెటా ప్రెస్నెల్ ఎత్తు నాలుగడుగుల పదంగుళాలు. ఆవిణ్ణి అడిగితే అయిదడుగులంటుంది. మిగతా రెండంగుళాలూ ఏవని అడిగితే జుట్టుముడి చూపిస్తుంది. ముడి విప్పేశాక అడిగినా లెక్క మారదు. మా ఊరు లారెల్ ఫోర్క్‌లో ఈ సంగతి మీద ఆవిడతో వాదం పెట్టుకున్నవాళ్లకి ఆ వారం చిక్కుడుకాయలు దొరకవు.

మా కొండల్లో శనివారం సంతంటే చర్చి ముందున్న ఖాళీ స్థలంలో ట్రక్కులు వెనక్కి తిప్పి నిలిపి, వెనక తలుపులు దించి, ఎవరి పంట వాళ్లు అమ్ముకోవడమే. బల్లలుండవు, గుడారాలుండవు. ట్రక్కే కొట్టు, దించిన తలుపే గల్లాపెట్టె. అమ్మమ్మ కొట్టు తొంభై నాలుగులో కొన్న ఒక చిన్న ట్రక్కు. నాకంటే వయసులో పెద్దది. నాకంటే బుద్ధిమంతురాలని కూడా అంటుంది అమ్మమ్మ, నేను వినేలాగా.

ఆ ట్రక్కు పక్కన నేలమీద నిలబడితే వెనక తొట్టి అంచు సరిగ్గా అమ్మమ్మ మోచేతికి వస్తుంది. ఆ అంచు మీద మోచేతులు ఆనించి, కొనేవాళ్లతో ఊరి కబుర్లు చెబుతూ, చూపు తిప్పకుండా లోపలికి చెయ్యి పెట్టి టమేటా తీస్తుంది. అది ఇవాళ్టిదా, రేపటిదా, ఉడకబెట్టుకోవడానికే పనికొస్తుందా అన్నది వేళ్లే చెబుతాయి. నిండు బుట్ట అంచు దాటించడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. డెబ్బై నాలుగేళ్ల మనిషి "ఒరేయ్, ఇలా వచ్చి ఇది అందుకో" అని ఎవర్నీ పిలవకుండా బతకడం చిన్న సంగతి కాదు. ఆవిడకి తెలుసు. నాకు కూడా తెలుసు, కానీ ఒప్పుకోను.

ఈ దేశంలో ట్రక్కులకి ఎవరు ఏం మేత వేశారోగానీ, ఏటేటా బలిసిపోయాయి. మా డోయల్ మావయ్య ట్రక్కే చూడండి. ముందు నిలబడితే దాని ముక్కు నా మెడ దగ్గరికొస్తుంది. ఎక్కడానికి మెట్టు కావాలి, దిగడానికి దేవుడి దయ కావాలి. మావయ్య దాంట్లో మోసే బరువల్లా తన మధ్యాహ్నం భోజనం డబ్బా ఒక్కటే. అమ్మమ్మ ట్రక్కు ఒక శనివారం మొరాయిస్తే, "నాది తీసుకెళ్లమ్మా" అని పెద్ద మనసు చేసుకుని ఇచ్చాడు. వంటింటి స్టూలేసుకుని అమ్మమ్మ తొట్టిలోకి ఎక్కింది. బుట్టలు సర్దింది. ఈలోపు మావయ్య పొరపాటున స్టూలు పట్టుకుని ఇంట్లోకి వెళ్లిపోయాడు.

"డోయల్! ఒరేయ్ డోయల్!" అని అమ్మమ్మ పైనుంచి కేకలు.

నేను కిందే ఉన్నాను. "అమ్మమ్మా, అక్కణ్ణుంచి మన పొలం ఎలా కనబడుతోంది?" అన్నాను.

"నువ్వు కనబడుతున్నావు. చేతిలో మొక్కజొన్న కంకి కూడా ఉంది నాకు," అంది. విసిరింది కూడా. గురి బాగానే ఉంది.

చివరికి పాస్టరుగారు అటు వెళ్తూ చూసి ఆగి, చంటిపిల్లని దించినట్టు దించారు. ఆ తరవాత రెండు ఆదివారాలు అమ్మమ్మ ఆయన మొహం చూడకుండా ప్రార్థన చేసింది.

అసలు కష్టం తరవాత వచ్చింది. మా రాష్ట్రంలో ఏడాదికోసారి బండిని పరీక్ష చేయించాలి. అది నెగ్గకపోతే రోడ్డెక్కనివ్వరు. గ్యారేజి అతను అమ్మమ్మ ట్రక్కు కింద దూరి, బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"ఓలెటమ్మా, దీన్ని కలిపి ఉంచుతున్నది తుప్పొక్కటే. అది గీకేస్తే నీ చేతిలో స్టీరింగు మిగులుతుంది. ఈసారికి ఎలాగో గట్టెక్కించాను. వచ్చే ఆగస్టుకి మాత్రం నా దగ్గరికి తీసుకురాకు, ఏడుపొస్తుంది."

అంటే ఇంకొక్క పంట. ఆ తరవాత పెద్ద ట్రక్కు కొనుక్కుని నిచ్చెనెక్కి చిక్కుళ్లు అమ్మడమో, సంత మానేసి వరండాలో కూర్చోవడమో. డోయల్ మావయ్యకి రెండోదే ఇష్టం. "ఎన్నాళ్లని కష్టపడతావమ్మా, కూర్చో" అనేవాడు, కూర్చోవడం ఏదో బహుమానమైనట్టు.

"నేను కూర్చుంటే మళ్లీ లేవనురా. ఆ కుర్చీలు నాకు తెలుసు. మా అక్కని అలాగే మింగేశాయి," అనేది అమ్మమ్మ.

అలాంటి రోజుల్లోనే దాణా కొట్టు ముందు ఆవిడకి ఆ బండి కనబడింది. నీలం రంగు బుల్లి ట్రక్కు, కొత్తది. అమ్మమ్మ దాని పక్కకెళ్లి నిలబడింది. మోచేతులు ఎత్తి అంచు మీద పెట్టింది. ఆనాయి. కళ్లు మూసుకుని లోపలికి చెయ్యి జాపింది. అడుగు తగిలింది. అలాగే ఉండిపోయింది.

పశువుల డాక్టరు దగ్గర పనిచేసే కుర్రాడు దాణా బస్తాతో బయటికొచ్చి, ఎవరో ముసలమ్మ తన ట్రక్కుని కావలించుకుని ఉండటం చూశాడు.

"ఏమైనా పోగొట్టుకున్నారా అమ్మా?"

"పోగొట్టుకున్నది దొరికింది. ఎక్కడ కొన్నావు నాయనా?"

వాడు చెప్పాడు. హైబ్రిడ్ అట, పెట్రోలు ఇంజనుకి తోడు బ్యాటరీ కూడా ఉంటుందట. గ్యాలనుకి నలభై మైళ్లు పోతుందట. ధర కూడా పెద్ద ట్రక్కుల్లో సగానికి కాస్త ఎక్కువ. అమ్మమ్మ ట్రక్కు కొండెక్కేటప్పుడు పెట్రోలు తాగే తీరు పెళ్లిలో మా చిన్నతాత తాగే తీరులాగా ఉంటుంది. అందుకే ఆవిడకి ఆ నలభై మైళ్ల మాట అమృతంలా వినిపించింది.

"అయితే ఒకటి కొంటాను," అంది.

కుర్రాడు నవ్వాడు. పాపం, చెడ్డ నవ్వేం కాదు. "కొనడం తేలికేనమ్మా, దొరకడమే కష్టం. నేను పదమూడు నెలలు ఎదురుచూశాను."

షోరూములో వెండెల్ అని ఒక పాత మనిషి ఉండేవాడు. అమ్మమ్మకి తొంభై నాలుగులో ట్రక్కు అమ్మింది కూడా ఆయనే. ఆయన కుర్చీ లాగి కూర్చోబెట్టి, తీపి టీ ఇచ్చి, ఉన్న సంగతి చెప్పాడు.

"ఓలెటమ్మగారూ, మీరు అడిగేది వాళ్లు కొంచెమే చేస్తారు. అడిగేవాళ్లేమో ఊరూరా ఉన్నారు. ఏడాదికి సరిపడా ఆర్డర్లు పుస్తకం తెరిచిన వారంలో నిండిపోతాయి. మాలాంటి చిన్న షోరూముకి రెండో మూడో వస్తాయి. ఇందులోనే బ్యాటరీ లేని పెట్రోలుది కావాలంటే రేపే ఇస్తాను."

"పెట్రోలు తాగేది నా దగ్గర ఒకటుంది, దానికి పొయ్యలేకే వచ్చాను."

"పోనీ పెద్దది చూడండి. బోలెడు తగ్గించి ఇస్తున్నాం, వరసగా నిలబడి ఉన్నాయి."

అమ్మమ్మ బయటికెళ్లి మా ట్రక్కులోంచి ఒక గుమ్మడికాయ మోసుకొచ్చింది. వరసలో మొదటి పెద్ద ట్రక్కు దగ్గర వెండెల్ చేతిలో పెట్టింది. "తొట్టి మధ్యలో పెట్టండి." ఆయన పెట్టాడు. "ఇప్పుడు దాన్ని నన్ను తియ్యమనండి."

వెండెల్ అమ్మమ్మని చూశాడు, అంచుని చూశాడు, గుమ్మడికాయని చూశాడు. పేరు రాసుకున్నాడు. రంగేది కావాలని అడిగితే, "కళ్లు మూసుకుని వాడతాను, ఏదైనా ఫరవాలేదు," అంది అమ్మమ్మ. గుమ్మడికాయ ఆయనకే వదిలేసి వచ్చింది.

ఆ చలికాలమంతా మా ఇంట్లో అదే మాట. ఆ బండి కోసం ఎవరెవరు వరసలో ఉన్నారో ఒక్కొక్కటే బయటపడింది. మందుల షాపాయన ఉన్నాడు, పడవ రిపేరు చేసే ఎల్బర్ట్ ఉన్నాడు, చర్చిలో పియానో వాయించే టీచరమ్మ ఉంది. మా కొండల్లో సగంమందికి కావలసింది చిన్న ట్రక్కేనని నాకప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ పెద్దవి కొన్నవాళ్లు కూడా, చిన్నవి లేక కొన్నారట. డోయల్ మావయ్య ఒకరోజు వార్త మోసుకొచ్చాడు. షార్లెట్ పట్నంలో ఒక షోరూములో ఒకటి ఉందట, అయితే ధర పైన ఇంకో అయిదువేల డాలర్లు వేశారట.

"ఆ అయిదువేలకి వాడేమిస్తాడు?" అంది అమ్మమ్మ.

"ఏమీ ఇవ్వడమ్మా. అది గిరాకీ డబ్బు. అడిగేవాళ్లు ఎక్కువున్నారు కాబట్టి వేశాడు."

"గిరాకీ నేనే కదరా! నేనున్నందుకు నేనే జరిమానా కట్టాలా?"

మావయ్య టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. నేను పదకొండో క్లాసులో బడి మానేసినదాన్ని. ఈ లెక్క పూర్తిగా చదువుకున్నవాళ్లని అడగాలి.

మే నెలలో వెండెల్ ఫోన్ చేశాడు. "ఓలెటమ్మగారూ, ఇప్పుడు మీరే ముందున్నారు. ఈసారి వచ్చేది మీదే. రాగానే నేనే చేస్తాను." అమ్మమ్మ ఫోను పెట్టేసి, వంటింట్లో ఒక్కతే రెండు అడుగులు నాట్యం లాంటిదేదో వేసింది. నేను చూశానని తెలిసి, కాలు తిమ్మిరెక్కిందంది.

అయితే జూన్‌లో వెండెల్‌కి తుంటి ఆపరేషనైంది. ఆయన ఉద్యోగం మానేసి, సముద్రం పక్కన కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు.

ఇక్కడ మా ఊరివాళ్ల ఒక ఆట గురించి చెప్పాలి. ఈ దేశంలో ఫోనున్న ప్రతి ఇంటికీ ఒక దొంగ ఫోనొస్తుంది. "మీ బండి వారంటీ అయిపోతోంది, వెంటనే డబ్బు కట్టండి" అని. అందరూ పెట్టేస్తారు. మా చర్చి ఆడవాళ్లు పెట్టరు. అవతలివాణ్ణి ఎవరు ఎక్కువసేపు పట్టుకుని ఏడిపిస్తారా అని పందెం. గెలిచినవాళ్లకి బహుమానమేం లేదు. ఆదివారం ప్రార్థనయ్యాక, తలా ఒక గిన్నె తెచ్చుకుని కలిసి తినేటప్పుడు ఆ సంభాషణంతా నటించి చూపించే హక్కు మాత్రం దక్కుతుంది. మగవాళ్లు కూడా నేర్చుకున్నారు. కానీ మూడేళ్లుగా అమ్మమ్మని మించినవాళ్లు లేరు. ఒకసారి ఒకడితో తన గాడిదకి వారంటీ ఇమ్మని అరగంట బేరమాడింది. వాడే దణ్ణం పెట్టి ఫోను పెట్టేశాడు.

జులై రెండో ఆదివారం అమ్మమ్మ చేతిలో బీన్స్ గరిటె ఫోనులా పట్టుకుని బల్ల దగ్గర లేచి నిలబడింది. అందరూ వేయించిన చికెను పక్కన పెట్టి ఇటు తిరిగారు.

"గురువారం వచ్చింది. ఈసారి ఆడపిల్ల. గొంతు చూస్తే ఉత్తరాది పిల్ల, ముక్కుతో మాట్లాడుతోంది." అమ్మమ్మ ముక్కు పట్టుకుంది. "'మేడమ్, మీ వాహనం గురించి చేస్తున్నాను.' నేను, 'ఏ వాహనం తల్లీ, నాకు గాడిదొకటే ఉంది' అన్నాను."

నవ్వులు.

"'మేడమ్, మీ పేరుమీద ఉన్నది.' 'గాడిద నా పేరుమీదే ఉంది, దాని పేరు మాత్రం వేరే.' 'మేడమ్, ప్లీజ్. తెల్లది. నిన్ననే దిగింది. శనివారం దాకా మీకోసం ఉంచగలం.' 'నా గాడిద నల్లది, దిగడం మానేసి చాలా రోజులైంది.' చివరికి పిల్ల, 'మీకు ఆసక్తి లేదని రాసుకోమంటారా?' అంది. 'రాసుకోమ్మా, పెద్ద అక్షరాల్లో రాసుకో. నా వంతు ఎవరికైనా ఇచ్చెయ్, పుణ్యం' అన్నాను."

హాలంతా చప్పట్లు. అమ్మమ్మ గరిటె దించి వంగి నమస్కారం చేసింది.

పక్కన కూర్చున్న హాల్సీ అనే ముసలావిడ నవ్వలేదు. అమ్మమ్మకి చిన్నప్పటి నేస్తం. ఆవిడకి ప్రతి మాటా కాస్త ఆలస్యంగా చేరుతుంది, కానీ చేరుతుంది.

"ఓలెటా," అంది నెమ్మదిగా, "దొంగ ఫోనువాళ్లకి రంగు కూడా తెలుస్తుందా?"

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అమ్మమ్మ నిలబడే ఉంది. చేతిలో గరిటెలోంచి బీన్స్ రసం బల్లగుడ్డ మీద కారుతోంది. నేను లేచి గరిటె అందుకున్నాను.

ఆదివారం షోరూము తియ్యరు. ఫోను మోగింది, మోగింది, ఆగింది. ఆ సాయంత్రం అమ్మమ్మ కడిగిన కంచాలే మళ్లీ కడిగింది. డోయల్ మావయ్య వచ్చి తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, ఆ షార్లెట్‌ది నేను లోను పెట్టి కొనిస్తానే," అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే.

"వద్దు నాయనా," అంది అమ్మమ్మ.

అమ్మమ్మ ఆయన్ని 'నాయనా' అన్నప్పుడు మేమిద్దరం భయపడ్డాం. మామూలుగా 'ఒరేయ్ వెధవా' అంటుంది.

సోమవారం షోరూము తలుపులు తీసే వేళకి మేం ముందే ఉన్నాం. పక్కనే ఉంది బండి. తెల్లది. గాజు మీద పెద్ద కాగితం అంటించి ఉంది, దానిమీద 'షార్లెట్' అని రాసి ఉంది. అమ్మమ్మ కాగితం చదివి, బండిని ముట్టుకోకుండా పక్కనుంచి నడిచి లోపలికెళ్లింది. ముట్టుకుంటే ఏడ్చేసేదని నా అనుమానం. అలాంటిదేం లేదని ఇప్పటికీ అంటుంది.

మేనేజరు పేరు గిల్‌రాయ్. మెడకి టై బిగించుకుని ఉన్నాడు, అది ఆయన్ని పట్టుకున్నట్టు ఉంది.

"ప్రెస్నెల్‌గారా? మీరు వద్దన్నారని రాసుంది కదండీ. నా వంతు ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారట."

"అన్నాను."

"మరి?"

"దొంగ ఫోననుకున్నానయ్యా. వెండెల్ చేస్తానన్నాడు. ఆయన గొంతు కోసం చూస్తున్నాను."

"వెండెల్ మానేశాడు. మీ తరవాత వరసలో ఉన్న ఆరుగురికీ చేశాం. ఒక్కొక్కరూ వద్దంటే వద్దన్నారు. ఈ జిల్లాలో హైబ్రిడ్‌కి గిరాకీ లేదనుకుని షార్లెట్ షోరూముకి పంపిస్తున్నాం. వాళ్ల మనిషి పదకొండింటికి వస్తాడు. ఇకమీదట మాకు ఇవి తక్కువ పంపినా చాలని కంపెనీకి కూడా రాద్దామనుకుంటున్నాను."

"గిరాకీ లేదా?" అంది అమ్మమ్మ. "ఆరుగురూ వద్దన్నారా?"

మూల బల్ల దగ్గర ఒక అమ్మాయి తల ఎత్తింది. సన్నగా, నిద్రలేనట్టు ఉంది. కోరీన్ అట, ఒహాయో నుంచి వచ్చి రెండు వారాలైందట. నోరు తెరవగానే ఆ ముక్కు గొంతు గుర్తుపట్టాను. అమ్మమ్మ బాగానే అనుకరించింది.

"వద్దనలేదు సార్, వద్దని అనలేదు వాళ్లు," అంది కోరీన్. "ఒకాయన భక్తి పాట మొత్తం పాడారు, అన్ని చరణాలూ. టీచరమ్మగారు ఫోను కుక్కకి ఇచ్చి మాట్లాడమన్నారు. మందుల షాపాయన నాకు పాపాల నుంచి రక్షణ దొరికిందా అని అడిగి, నన్ను ఏడిపించి, ప్రార్థన చేయించి పెట్టేశారు. ఎల్బర్ట్‌గారైతే తను చచ్చిపోయి రెండేళ్లయిందనీ, ఉన్న చోట ట్రక్కులు అవసరం లేదనీ చెప్పారు. నేను సారీ చెప్పాను సార్! నిజంగా చచ్చిపోయారనుకున్నాను!"

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అమ్మమ్మ నవ్వలేదు. తిన్నగా ఆ పిల్ల బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది.

"గురువారం నిన్ను గాడిద గురించి విసిగించింది నేనే తల్లీ. తప్పు నాది. నీ పని నువ్వు చేశావు."

కోరీన్ కళ్లు తుడుచుకుంది. "గాడిద ఉందా నిజంగా?"

"ఉంది. అది కూడా నాలాగే చెప్పిన మాట వినదు. ఆ ఫోను ఇలా ఇయ్యి."

ఎల్బర్ట్ నంబరు కొట్టించింది. ఫోను గొంతు ఊరంతా వినబడేలా పెట్టమంది.

"ఎల్బర్ట్, ఓలెటాని. నువ్వు చచ్చిపోయావని షోరూములో తెలిసింది. పువ్వులు పంపమంటావా?"

అటువైపు ఏదో ఇనప సామాను కిందపడింది. తరవాత, "ఓలెటా... అంటే నాకొచ్చిన ఆ పిల్ల ఫోను కూడా..." అన్నాడు ఎల్బర్ట్.

"నిజం ఫోను."

"అయ్యో నా తండ్రీ! బండి వచ్చిందా? ఉందా? ఇప్పుడే వస్తున్నా!"

"కూర్చో. అది నాది. నీకు ఇంకోటి వస్తుంది. నీకు కావాలా వద్దా, అది చెప్పు. మేనేజరుగారు వింటున్నారు."

"కావాలి! అయ్యా మేనేజరుగారూ, బతికే ఉన్నానండీ, కావాలండీ!"

తరవాత టీచరమ్మ. తరవాత మందుల షాపాయన. ఆయన కోరీన్‌కి క్షమాపణ చెప్పి, రక్షణ మాట మాత్రం వెనక్కి తీసుకోనన్నాడు. మిగతా ముగ్గురికీ కూడా చేసింది. ఒక్కొక్కరూ కావాలంటే కావాలని అరిచారు. గిల్‌రాయ్ బల్లకి ఆనుకుని వింటున్నాడు. మధ్యలో టై వదులు చేసుకున్నాడు. అమ్మమ్మ ఫోను పెట్టేసి ఆయన వైపు తిరిగింది.

"అదయ్యా గిరాకీ. మా ఊళ్లో గిరాకీకి నోటి దురుసెక్కువ, అంతే. షార్లెట్ మనిషి నీ దగ్గర ఒక్క బండి కొంటాడు. వీళ్లు ఆరుగురూ నీ దగ్గరే కొంటారు, నీ దగ్గరే బాగుచేయించుకుంటారు, చచ్చేదాకా."

"చచ్చాక కూడా, ఎల్బర్ట్‌ని బట్టి చూస్తే," అన్నాను నేను. ఊరుకోలేకపోయాను.

గిల్‌రాయ్ నవ్వాడు. టై ఉన్న మనిషి నవ్వుతాడని అనుకోలేదు. "షార్లెట్ వాళ్లతో సంతకాలేం కాలేదు, నోటి మాటే," అన్నాడు కోరీన్‌తో. "వాళ్లకి ఫోన్ చెయ్. బండి అసలు మనిషి వచ్చిందని చెప్పు."

"నన్ను మళ్లీ దొంగ ఫోననుకుంటే?" అంది ఆ పిల్ల. అమ్మమ్మ అప్పుడు నవ్వింది. ఆదివారం తరవాత మొదటిసారి.

అమ్మమ్మే బయటికెళ్లి గాజు మీది కాగితం పీకింది. ధర పైన ఒక్క డాలరు కూడా వెయ్యలేదు, వెండెల్ చెప్పిన ధరే. పాత ట్రక్కుని తుక్కు కింద తీసుకుంటామన్నారు. దాని తాళం ఇచ్చేటప్పుడు అమ్మమ్మ ముందు రేకు మీద చేత్తో రెండుసార్లు తట్టింది. నేను అటు తిరిగి కోరీన్‌తో ఒహాయో వాతావరణం గురించి మాట్లాడాను.

కొత్త బండిలో అమ్మమ్మ నడుపుతోంది. నేను పక్క సీట్లో ఉన్నాను. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క సిగ్నలు దగ్గర ఎర్రలైటు పడింది. బండి ఆగింది. దాంతో పాటు ఇంజను చప్పుడు కూడా ఆగింది. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"చచ్చింది. టెస్సీ, చచ్చిందే! కొని గంట కాలేదు!"

"చావలేదు అమ్మమ్మా. ఆగినప్పుడు ఇంజను దానంతటదే పడుకుంటుంది. బ్యాటరీ మీద ఉంది. తొక్కి చూడు."

పచ్చలైటు పడింది. తొక్కింది. బండి చప్పుడు లేకుండా, మంచు మీద జారినట్టు కదిలింది. వెనకున్న కారాయన హారను కొట్టలేదు. అమ్మమ్మని ఎరిగినవాడై ఉంటాడు. ఆవిడ ఊపిరి వదిలింది. పొడవుగా, రెండు రోజులది కలిపి ఒకేసారి.

"అంటే ఊరికే నిలబడితే తాగదన్నమాట," అంది కాసేపటికి.

"తాగదు."

"డోయల్ ట్రక్కు తాగుతుంది."

"మావయ్య ట్రక్కు నిలబడినా, పడుకున్నా తాగుతుంది."

ఏటి పక్క రోడ్డు ఎక్కాక రేడియో ఆపేసి అద్దాలు దించింది. మా మలుపు దగ్గర, రోడ్లు కలిసే చోట, ఆగమని బోర్డుంది. ఆగింది. ఇటు చూసింది, అటు చూసింది. కనుచూపు మేర ఒక్క బండి లేదు. ఇంజను మళ్లీ పడుకుంది, ఏరు పారే చప్పుడు, గట్టు మీద మిడతల చప్పుడు వినబడుతున్నాయి. అమ్మమ్మ చేతులు స్టీరింగు మీంచి తీసి ఒళ్లో పెట్టుకుని వెనక్కి వాలింది.

"ఎవరూ రావడం లేదు. పోనీ అమ్మమ్మా," అన్నాను.

"ఉండవే. ఒక్క సెంటు ఖర్చు లేకుండా కూర్చున్నాం. కాసేపు కూర్చోనీ."